పేర్లు లేని పట్టీలు: ఒక అమెరికన్ కౌంటీ జనాభా లెక్కలూ, కుటుంబ చరిత్రా

1

వంశ చరిత్ర అనే మాట వినగానే మొహం చిట్లించడం మన అభ్యుదయ రచయితల్లో చాలామందికి అలవాటు. అందులో కొంత న్యాయం ఉంది. మన దేశంలో వంశవృక్షం అనేది గోత్రాలూ, ప్రవరలూ, మిరాశీ హక్కులూ ఉన్నవాళ్ల వ్యవహారంగానే సాగింది. కైఫీయతులు తిరగేస్తే కరణాల తరాలూ, అగ్రహారీకుల తరాలూ, పాళెగాళ్ల తరాలూ వరసగా కనిపిస్తాయి. వాళ్ల పొలాలు దున్నినవాళ్ల తరాలు కనిపించవు. రెడ్లకు గోత్రాలు చెప్పడానికి పిచ్చుకకుంట్లవాళ్లు ఉన్నట్టే, మాదిగలకు జాంబపురాణం చెప్పడానికి డక్కలివాళ్లు ఉన్నారు. కాని మొదటివాళ్ల వంశాలకు దొరికినట్టుగా రెండోవాళ్ల కథకు కచేరీ కాగితాల్లో చోటు దొరకలేదు. అందువల్ల వంశ చరిత్ర అంటే ఉన్నవాడు గొప్పలు చెప్పుకునే సరదా అనే అనుమానం మనకు సహజంగానే కలుగుతుంది.

అయితే మనిషిని ఆస్తి కింద జమకట్టిన సమాజం సంగతేమిటి? అలా జమపడ్డవాడి మునిమనవడు తన తాత పేరేమిటో వెతుక్కుంటే దాన్ని కూడా వంశ ప్రతిష్ఠ ఖాతాలోనే వేద్దామా?

ఈ ప్రశ్నకు మూలం మనందరికీ తెలిసిన పుస్తకమే. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. దాన్ని సహవాసి 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం మా హాస్టల్లో గది గదికీ తిరిగి, అట్ట ఊడిపోయి నా చేతికొచ్చింది. రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. ఆ తర్వాత ఎన్నో సభల్లో దాన్ని చరిత్రగానే ఉదహరించాను. కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో ఒక విద్యార్థి లేచి, "సార్, అందులో చాలా భాగం రికార్డులకు నిలవదని చరిత్రకారులు తేల్చారట. మరి మీరు దాన్ని చరిత్ర అని ఎట్లా చెప్తారు?" అని అడిగాడు. నాకు సరయిన జవాబు తోచలేదు. నవల సత్యం వేరు, దస్తావేజు సత్యం వేరు అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ కుర్రాడు కూర్చున్నాడు గాని ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. అప్పటినుంచి హేలీ వెతికిన ఆ జనాభా లెక్కల పట్టీలేమిటో, అవి ఎవరు ఎవరికోసం రాశారో తెలుసుకునే పనిలో పడ్డాను. ఈ వ్యాసం ఆ విద్యార్థికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

2

హేలీ చెప్పుకున్న ప్రకారం, టెన్నెసీ రాష్ట్రంలోని హెన్నింగ్‌లో ఇంటి వసారాలో కూచుని అమ్మమ్మా, ఆమె అక్కచెల్లెళ్లూ తమ పెద్దల కథలు చెప్పుకునేవాళ్లు. అందులో ఒక ఊరి పేరు పదేపదే వచ్చేది: నార్త్ కరొలైనాలోని అలమాన్స్ కౌంటీ. పెద్దయ్యాక ఆయన వాషింగ్టన్‌లోని జాతీయ పత్రాగారానికి వెళ్లి, అంతర్యుద్ధం ముగిసిన తర్వాత జరిగిన మొదటి జనాభా లెక్కల్లో అలమాన్స్ కౌంటీ మైక్రోఫిల్మ్ అడిగాడు. రీళ్లు తిప్పగా తిప్పగా టామ్ మర్రే అనే కమ్మరి, అతని భార్య ఐరీన్, వాళ్ల పిల్లలూ కనిపించారు. వసారాలో కథలు చెప్పిన ముసలమ్మల్లో ఒకరు ఆ పట్టీలో ఆరేళ్ల పిల్ల. అమ్మమ్మ అప్పటికి పుట్టనే లేదు. నోటిమాటగా విన్నది ప్రభుత్వ కాగితం మీద కనిపించేసరికి ఆయనకు నమ్మకం కుదిరింది.

అది 1870 పట్టీ. అంతకు పదేళ్ల ముందరి పట్టీలో ఆయన వెతికి ఉంటే ఆ కమ్మరి పేరు ఎందుకు దొరకదో అర్థం చేసుకోవాలంటే ఆ దేశపు జనాభా లెక్కల పుట్టుక తెలియాలి.

అమెరికాలో పదేళ్లకోసారి జనాన్ని లెక్కించాలని నిర్ణయించింది 1787లో రాసుకున్న రాజ్యాంగమే. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలో తేల్చడానికి ఆ లెక్క కావలసివచ్చింది. బానిసలకు వోటు లేదు. కాని వాళ్ల తలలు లెక్కలో చేరితే యజమానుల రాష్ట్రాలకు స్థానాలు పెరుగుతాయి. ఉత్తరాది వర్తకులకూ, దక్షిణాది తోటల యజమానులకూ మధ్య బేరం కుదిరి, బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు లెక్కకు తీసుకోవాలని రాసుకున్నారు. రాజ్యాంగంలో బానిస అనే మాట కూడా వాడలేదు. స్వేచ్ఛ ఉన్నవాళ్ల సంఖ్యకు 'తక్కిన వ్యక్తుల' సంఖ్యలో అయిదింట మూడు వంతులు కలపమన్నారు. మనం ఒకటి గమనించాలి. ఆ దేశంలో జనాభా లెక్క మనుషులను తెలుసుకోవడానికి పుట్టలేదు. అధికారం పంచుకోవడానికి పుట్టింది.

1790 మొదటి లెక్కలో తేలినవాళ్లు 39 లక్షల పైచిలుకు. వాళ్లలో దాదాపు 7 లక్షలమంది బానిసలు. 1840 దాకా పట్టీలో కుటుంబ యజమాని పేరు ఒక్కటే రాసేవారు. భార్యాబిడ్డలు కూడా వయసుల వారీ గడుల్లో అంకెలుగానే ఉండేవాళ్లు. 1850లో ఈ పద్ధతి మారింది. స్వేచ్ఛ ఉన్న ప్రతి మనిషికీ ఒక వరస, ఒక పేరు వచ్చాయి. బానిసల పేర్లు కూడా రాయాలని ముందు ప్రతిపాదించారు. దక్షిణాది సెనేటర్లు అడ్డుపడ్డారు, పేర్ల గడి ఎగిరిపోయింది. బానిసలకు వేరే పట్టీ తయారయింది. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద ఒక్కొక్క మనిషికి ఒక అంకె, వయసు, ఆడో మగో, రంగు. నలుపయితే 'బి' అక్షరం, మిశ్రమ రక్తమయితే 'ఎం' అక్షరం. పారిపోయినవాడా, విడుదల పొందినవాడా, గుడ్డివాడా, చెవిటివాడా, పిచ్చివాడా అని మరికొన్ని గడులు. 1860లో బానిసల గుడిసెలు ఎన్ని అనే గడి కూడా చేర్చారు.

ఆ పట్టీల ప్రతిరూపాలు ఇవాళ ఎవరైనా చూడొచ్చు. నేను చూసిన పుటల్లో చాలాచోట్ల వయసులు పెద్దనుంచి చిన్నకు దిగుతాయి. అరవై, నలభై, ముప్పయి, పద్నాలుగు, ఆరు, చివర నెలల పసికందు. ఏ పసికందు ఏ తల్లి బిడ్డో చెప్పే గీత ఒక్కటి లేదు. మన ఊళ్లలో పశువుల జాబితా రాసేవాడు కూడా ఏ దూడ ఏ ఆవుదో అడుగుతాడు. 1860లో ఇలా పేరు లేకుండా లెక్కకెక్కినవాళ్లు 39 లక్షల 50 వేల పైమాటే. ఊరూ పేరూ లేనివాళ్లు అని మనం వాడుకగా అంటాం. ఇక్కడ ఒక ప్రభుత్వం చర్చించి, వోటు వేసి, అచ్చు ఫారాలు పంచి కొన్ని లక్షలమందిని అలా చేసింది.

3

1863, 1865 సంవత్సరాలు గడిచాయి. బానిసత్వం చట్టరీత్యా పోయింది. 1870 జూన్ 1 తేదీతో జరిగిన లెక్కలో 48 లక్షల 80 వేలమంది నల్లజాతివాళ్లు నమోదయ్యారు. అప్పటికి బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లలో అత్యధికులకు పేరుతో, ఇంటిపేరుతో లెక్కకెక్కడం అదే మొదలు. అందుకే నల్లజాతి కుటుంబ చరిత్రకారులు 1870ని గోడ అంటారు. ఇవతలనుంచి వెతుక్కుంటూ వెళ్లినవాడు అక్కడ తల కొట్టుకుని ఆగిపోతాడు.

కాని ఆ 1870 పట్టీనైనా అలమాన్స్ కౌంటీలో ఎలాంటి రోజుల్లో రాశారు? కౌంటీ కేంద్రమైన గ్రాహమ్ పట్టణంలో వయాట్ అవుట్‌లా అనే నల్లజాతి నాయకుడు ఉండేవాడు. కొయ్యపనివాడు, యూనియన్ లీగ్ సంఘటనకర్త, పట్టణ పాలక సంఘ సభ్యుడు. జాతినిబట్టి వోటు నిరాకరించరాదనే పదిహేనో రాజ్యాంగ సవరణ 1870 ఫిబ్రవరి 3న ఆమోదం పొందింది. అదే నెల 26న ముసుగులు వేసుకున్న కూ క్లక్స్ క్లాన్ మూక అవుట్‌లాను ఇంట్లోంచి ఈడ్చుకుపోయి న్యాయస్థానం ఎదుట చెట్టుకు ఉరితీసింది. మార్చి 7న గవర్నర్ హోల్డెన్ ఆ కౌంటీలో తిరుగుబాటు పరిస్థితి ఉందని ప్రకటించాడు. వేసవిలో సైనిక దళాన్ని పంపాడు. దానికి ప్రతీకారంగా 1871లో శాసనసభ అతన్నే పదవినుంచి దించింది. హంతకులమీద పెట్టిన కేసులు క్షమాభిక్ష చట్టంతో తుడిచిపెట్టుకుపోయాయి. అప్పుడక్కడ న్యాయమూర్తిగా ఉన్న ఆల్బియన్ టూర్జీ ఆ అనుభవంతోనే 1879లో 'ఎ ఫూల్స్ ఎరండ్' నవల రాశాడు.

చెట్టుకు వేలాడిన శవాన్ని జనం చూసిన మూడు నెలలకు గణకుడు ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరు నీవు, వయసెంత, ఆస్తి ఎంత, చదవగలవా అని అడిగాడు. ఆ ప్రశ్నలకు ఒక నల్లజాతి కుటుంబం ఎంత చెబుతుంది, ఏది దాచుకుంటుంది? తలుపు తట్టినవాడు ప్రభుత్వమో, రాత్రి వచ్చిన ముఠాకు చుట్టమో ఎలా తెలుస్తుంది? దక్షిణాదిలో ఆ ఏడు చాలామంది లెక్కకందలేదని తర్వాత సెన్సస్ అధికారులే ఒప్పుకున్నారు. ఆ లెక్కలతోపాటు ఏడాదిలో చనిపోయినవాళ్ల పట్టీ కూడా విడిగా రాశారు. 1869 జూన్ నుంచి 1870 మే దాకా సంభవించిన చావులూ, వాటి కారణాలూ అందులో ఉండాలి. అవుట్‌లాను చంపిన ఫిబ్రవరి ఆ గడువులోదే. దక్షిణాది కౌంటీల చరిత్ర వెతికేవాడు బతికినవాళ్ల పట్టీతోపాటు చచ్చిపోయినవాళ్ల పట్టీనీ పక్కన పెట్టుకోవాలి.

పట్టీ చదవడంలో ఉన్న మెలకువలు కొన్ని ఇక్కడ చెప్పడం అవసరం. 1870 పట్టీలో కుటుంబ పెద్దతో చుట్టరికమేమిటో రాయలేదు. ఆ గడి 1880లోనే వచ్చింది. కాబట్టి 1870లో ఒక ఇంట్లో కనిపించే పిల్లలందరూ ఆ దంపతుల బిడ్డలనుకుంటే పొరపాటు. అక్క కొడుకు కావచ్చు, అమ్ముడుపోయిన తల్లి వదిలిపోయిన బిడ్డ కావచ్చు. తెల్లవాళ్ల ఇంట్లో పదేళ్ల నల్లపిల్ల పనిమనిషిగా నమోదయి ఉంటే, యుద్ధం తర్వాత పని నేర్పే నెపంతో స్వేచ్ఛ పొందినవాళ్ల పిల్లలను పాత యజమానులకే కట్టబెట్టిన కోర్టుల నిర్వాకం గుర్తుచేసుకోవాలి.

చదవడం, రాయడం రాదని సూచించే రెండు గడులున్నాయి. సాహిత్య విద్యార్థులు వాటి దగ్గర ఆగాలి. నార్త్ కరొలైనాలో బానిసలకు చదువు చెప్పడాన్ని 1830లోనే చట్టంతో నిషేధించారు. ముందు చదువును నేరం చేసి, నలభై ఏళ్ల తర్వాత ఆ ప్రభుత్వ వ్యవస్థే అతని పేరెదుట 'రాయలేడు' అని గీత గీసింది. ఆ గీత అతని అజ్ఞానానికి గుర్తని చదివితే మనం కూడా గణకుడి పక్కన కూచున్నట్టే.

పేరు దొరికింది గదా అని పుట మూసేయకూడదు. ముందు నాలుగు పుటలూ, వెనక నాలుగు పుటలూ చదవాలి. గణకుడు దారి వెంబడి పోయాడు కాబట్టి పట్టీలో పక్కపక్కనున్నవాళ్లు నేలమీద కూడా ఇరుగుపొరుగువాళ్లే అయ్యే అవకాశం ఎక్కువ. భూమి విలువ గడిలో పక్కింటి తెల్లవాడికి వేల డాలర్లు ఉంటాయి. చుట్టూ పది నల్లజాతి ఇళ్లకు ఆ గడి ఖాళీ. ఆ ఇళ్లన్నీ ఎవరి నేలమీద ఉన్నాయో అక్కడే తేలిపోతుంది. 1880 వ్యవసాయ పట్టీ మరింత స్పష్టం. సొంత సేద్యమా, నగదు కౌలా, పంటలో వాటా కింద కౌలా అని అందులో విడివిడి గడులున్నాయి. బానిసత్వం పోయి పాలుకు సేద్యం వచ్చిన మార్పు ఒక్కొక్క కుటుంబం పేరుతో అక్కడ నమోదయి ఉంది. ఉత్పత్తి సంబంధాలు అని మనం నోరారా పలికే మాట ఇక్కడ ఫలానా ఇంటి ఎదుట పడ్డ ఒక గుర్తుగా కనిపిస్తుంది.

1900 పట్టీలో ప్రతి తల్లినీ ఎంతమంది పిల్లలను కన్నావు, ఎంతమంది బతికున్నారని అడిగారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూసి నేను చాలాసేపు ఆ పుట తిప్పలేకపోయాను. దానికి ముందరిదైన 1890 పట్టీ దాదాపు మొత్తం పోయింది. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో తడిసి కాలి పాడయిన కట్టలను బాగుచెయ్యకుండా పడేసి, తర్వాత 1930లలో అధికారికంగా ధ్వంసం చేశారు. 6 కోట్ల 29 లక్షలమందిలో సుమారు 6 వేల పేర్లు మిగిలాయి. స్వేచ్ఛ పొందినవాళ్ల పిల్లలు ఊళ్లు మారి, పెళ్లిళ్లు చేసుకుని, కూలీలయి చెదిరిపోయిన కాలం అలా చీకట్లో పడిపోయింది.

4

గోడ అవతలికి దారి లేదా? ఉంది. అయితే అది యజమాని ఇంటి గుండా పోతుంది. 1860 బానిసల పట్టీలో ఆ చుట్టుపక్కల యజమానుల పేర్లు తీసి, 1870లో నలభై ఏళ్లవాడి జాడకోసం ముప్పయి ఏళ్ల అంకెలను చూడాలి. సరిపోతే అది రుజువు కాదు, ఆనవాలు మాత్రమే. స్వేచ్ఛ పొందినవాళ్లందరూ చివరి యజమాని ఇంటిపేరే పెట్టుకోలేదు. కొందరు అంతకుముందు యజమానిది పెట్టుకున్నారు, కొందరు తండ్రిది, కొందరు తమకు నచ్చింది. తర్వాత కౌంటీ కచేరీకి పోవాలి. యజమాని వీలునామాలు, చనిపోయినప్పుడు వేసిన ఆస్తి జాబితాలు, పంపకాలు, అమ్మకపు పత్రాలు అక్కడుంటాయి. సెన్సస్ చెరిపేసిన పేర్లు వాటిలో తరచుగా దొరుకుతాయి. కారణం దయ కాదు. పంపకంలో ఏ మనిషి ఏ కొడుకు వాటాకు వచ్చాడో తెలియాలంటే పేరు రాయక తప్పదు. ఇక్కడ కౌంటీ సరిహద్దులు కూడా తెలియాలి. అలమాన్స్ 1849లో ఆరెంజ్ కౌంటీనుంచి విడివడింది. అంతకుముందరి కాగితాలకోసం ఆరెంజ్ దప్తరానికే పోవాలి. మన జిల్లాలు చీలినప్పుడు దస్తావేజులకోసం పడే తిప్పలు తెలిసినవాళ్లకు ఇది వింత కాదు.

ఆ రాష్ట్రంలో మరొక రికార్డు ఉంది. 1866లో చేసిన చట్టం ప్రకారం, బానిసత్వంలో కలిసి బతికిన ఆలుమగలు కౌంటీ గుమాస్తా దగ్గరో, మేజిస్ట్రేటు దగ్గరో తమ కాపురాన్ని నమోదు చేయించుకోవాలి. రుసుము 25 సెంట్లు. ఇద్దరి పేర్లూ, ఎన్నేళ్లుగా కలిసి ఉంటున్నారో రాశారు. ఇరవై, ముప్పయి ఏళ్ల కాపురాలు అందులో కనిపిస్తాయి. ఏ చట్టమూ గుర్తించని పెళ్లిళ్లు అవి. ఏ రోజయినా వేలంపాటతో తెగిపోగలిగినవి. వాళ్లు ఆ 25 సెంట్లు తీసుకుని కచేరీకి నడిచివెళ్లారు.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాను. గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే ఇద్దరు చరిత్రకారులు 1981లో హేలీ చెప్పిన వంశక్రమాన్ని రికార్డులతో పోల్చి చూశారు. హేలీ కథలో కుంటా కింటే 1767లో ఓడ దిగి, వర్జీనియాలోని స్పాట్సిల్వేనియా కౌంటీలో వాలర్ కుటుంబానికి అమ్ముడుపోయి 'టోబీ' అయ్యాడు. కాని వాలర్ల టోబీ అంతకు కొన్నేళ్ల ముందే రికార్డుల్లో ఉన్నాడు. అంతర్యుద్ధానికి ముందరి తరాల లంకెలు నిలబడలేదు. అంతకుముందే 1978లో, హెరాల్డ్ కూర్లాండర్ నవల 'ది ఆఫ్రికన్' నుంచి కొన్ని భాగాలు వాడుకున్నాడనే దావాలో హేలీ డబ్బు చెల్లించి రాజీ పడ్డాడు. ఇవి దాచవలసిన విషయాలు కావు. నేను ఇన్నాళ్లూ సభల్లో చెప్పకపోవడం నా తప్పు.

అయితే హేలీ ఎక్కడ తప్పాడో చూడండి. 1870 పట్టీ ఇవతల అమ్మమ్మ మాటా, కాగితమూ ఒకదాన్నొకటి బలపరిచాయి. గోడ దాటవలసివచ్చేసరికి ఆయన ఆనవాలును రుజువన్నాడు, పోలికను వంశమన్నాడు. అది కల్పనగానే చెప్పి ఉంటే నవలకు నష్టం లేదు. పరిశోధన ఫలితమని ప్రకటించడం వల్ల, నిజంగా తమ తాతల పేర్లు వెతుక్కునే పేదవాళ్ల మాటమీద కూడా అనుమానం పడింది. అంతమాత్రాన ఆ గోడ హేలీ కల్పన కాదు. పేర్ల గడి కొట్టేసినవాళ్లు కట్టిన గోడ అది. హేలీ లెక్క తప్పిందని సంతోషించేవాళ్లు ఆ లెక్క అసలు ఎందుకు దొరకదో కూడా చెప్పాలి. తమ్ముడూ, 'ఏడు తరాలు' చదువు, దాన్ని నవలగా చదువు, పక్కన ఆ పేర్లు లేని పట్టీ పెట్టుకుని చదువు. నేను చెప్పగలిగిన జవాబు ఇదే.

5

మనకు ఇందులో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. అమెరికాలో 72 ఏళ్లు గడిస్తే కుటుంబాల పట్టీలు జనానికి తెరుస్తారు. 1950 పట్టీలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. మన 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరూ చూడడానికి వీల్లేదు. మనకు మిగిలేవి కూడికలే. 1931 లెక్కల్లో ఫలానా కులంవాళ్లు ఎంతమందో తెలుస్తుంది, మా ముత్తవ్వ పేరు తెలియదు. 2027 జనాభా లెక్కల్లో కులాన్ని కూడా నమోదు చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. దానిమీద చర్చంతా ఎవరి వాటా ఎంత అనే చుట్టూ తిరుగుతోంది. అది అవసరమైన చర్చే. దానితోపాటు గడులు ఎవరు గీస్తున్నారు, ఏ గడి తీసేస్తున్నారు అని అడగడం కూడా మనం నేర్చుకోవాలి.

అలమాన్స్‌లో బానిసలను అంకెలుగా రాసిన 1860లోనే మద్రాసు రేవునుంచి 'ట్రూరో' అనే ఓడ ఒప్పంద కూలీలతో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 దాకా అలా నేటాల్ పోయినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. ఆ ఓడల జాబితాల్లో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద మచ్చలు కూడా రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన వివరాలవి. ఇవాళ అక్కడి తెలుగువాళ్ల మునిమనవలు ఆ మచ్చల వెంటే తమ ఊరి పేరు వెతుక్కుంటున్నారు. ఊళ్లోనే ఉండిపోయిన కూలీకి ఆ మాత్రం కాగితం కూడా లేదు.

అందువల్ల మన పని కష్టం, కాని అసాధ్యం కాదు. బడిలో చేరిన రిజిస్టరుంది. పట్టాదారూ, కాస్తుదారూ విడివిడి గడుల్లో ఉండే పాత పహాణీలున్నాయి. జైలు దప్తరాలున్నాయి. అన్నిటికన్నా ముందు, వసారాలో కూచుని చెప్పే ముసలివాళ్లున్నారు. హేలీ వెతుకులాట రికార్డు గదిలో మొదలు కాలేదు, అమ్మమ్మ నోట్లోంచి వచ్చిన ఒక కౌంటీ పేరుతో మొదలయింది. ఈ వ్యాసం రాస్తూ మా ఇంట్లో అడిగాను. నాన్న వైపు నాలుగు తరాల మగవాళ్ల పేర్లు వెంటనే చెప్పారు. వాళ్ల భార్యల పేర్లు అడిగితే ఇద్దరి దగ్గర ఆగిపోయారు. తక్కిన ఇద్దరి పేర్లు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అయిదేళ్ల కిందట అడిగి ఉంటే మా మేనత్త చెప్పేది.